యజమాని వాటా – వృద్ధాప్య భద్రత

కళాశాల సంచికలో విద్యార్థులకై పింఛను గురించి వ్యాసం వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. ఇరవై ఏళ్ళ యువకునికి ముందు కావలసినది ఉద్యోగం; పింఛను సంగతి తల నెరిసిన తరువాత చూసుకోవచ్చు గదా అనుకోవడం సహజం. కాని పింఛను తల నెరిసిన తరువాత పుట్టేది కాదు. అది తొలి జీతం చేతికందిన నెలలోనే విత్తబడుతుంది. ఆ నెల ఎవరు ఎంత వేశారు, ఏ లెక్క మీద వేశారు, వేసినట్లు చెప్పినది నిజంగా ఖాతాకు చేరిందా అన్న మూడు ప్రశ్నల మీదనే ముప్పై ఏళ్ళ తరువాతి భోజనం ఆధారపడి ఉంటుంది. ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారికి ఇది మరీ ముఖ్యం. మన విద్యార్థులలో అధిక సంఖ్యాకులు రేపు అట్టి సంస్థలలోనే పనికి కుదురుతారు గనుక, యజమాని చెల్లించవలసిన కనీస చందా స్వరూపాన్ని ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

దయ కాదు, హక్కు

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కనే నడుస్తాయి. హైదరాబాదు ఉర్దూలో పింఛనును వజీఫా అంటారు. నిజాం ప్రభుత్వ కాలపు కార్యాలయ భాషలో ‘వజీఫా-ఎ-హుస్న్-ఎ-ఖిద్మత్’ అని పూర్తి పేరు. మంచి సేవకు మెచ్చి ఇచ్చే భృతి అని దాని భావం. ఆ మాటలో మర్యాద ఉన్నది. కాని ఇచ్చేవాని ఇష్టం కూడా దాగి ఉన్నది. మెచ్చిన ప్రభువు ఇస్తాడు, మెచ్చనివాడు ఇవ్వడు.

కాలక్రమంలో ఈ భావం మారింది. పింఛను ప్రభువు విదిలించే దానం కాదు, చేసిన సేవకు ప్రతిఫలంగా ఉద్యోగి సంపాదించుకొన్న హక్కు అని సుప్రీం కోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న స్పష్టం చేసింది. అందుకే ఆ తేదీని పింఛనుదారుల దినంగా జరుపుకొంటారు. ఆ తీర్పు ప్రభుత్వోద్యోగుల విషయంలో వెలువడినదే అయినా, అందలి భావం ప్రైవేటు ఉద్యోగికీ వర్తిస్తుంది. యజమాని వేసే వాటా ఉద్యోగికి చేసే ఉపకారం కాదు. అది అతని జీతంలోనే ఒక భాగం. ఈనాడు చేతికి రాకుండా ముసలితనానికి దాచబడిన భాగం. ఈ ఒక్క మాట మనసులో నాటుకొంటే మిగిలినదంతా కేవలం గణితమే.

చందా పుట్టుపూర్వోత్తరాలు

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో ప్రభుత్వోద్యోగికి పింఛను ఉండేది గాని, మిల్లు కూలీకి సాధారణంగా అట్టి ఆధారం ఉండేది కాదు. ఒళ్ళు అరిగినంత కాలం పని, అరిగిన తరువాత కొడుకుల మీద భారం. ఈ లోపాన్ని తీర్చడానికి 1951 నవంబరు 15న ఒక ఆర్డినెన్సు, తరువాత 1952లో ఉద్యోగుల భవిష్యనిధి చట్టం వచ్చాయి. మొదట సిమెంటు, సిగరెట్టు, ఇంజనీరింగు, ఇనుము–ఉక్కు, కాగితం, వస్త్రం అనే ఆరు పరిశ్రమలకే అది పరిమితం. అందులోనూ యాభై మందికి తక్కువ కాని కర్మాగారాలకే వర్తించేది. 1960లో ఆ సంఖ్యను ఇరవైకి తగ్గించారు.

ఆనాటి చందా వేతనంలో 6.25 శాతం. ఈ అంకె ఎక్కడిదని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. పాత నాణేల లెక్కలో రూపాయికి పదహారు అణాలు. నూటిని పదహారుతో భాగిస్తే వచ్చేది 6.25. అంటే రూపాయికి కార్మికుడు ఒక అణా, యజమాని ఒక అణా. చదువు రాని కూలీ కూడా వ్రేళ్ళ మీద లెక్కపెట్టుకోగలిగిన చందా అది. ఆ తరువాత రేటు క్రమంగా పెరిగి, 1997 సెప్టెంబరు 22 నుండి సాధారణ సంస్థలకు 12 శాతమయింది.

భవిష్యనిధి అంటే దాచుకొన్న మొత్తాన్ని వడ్డీతో ఒక్కసారిగా ఇచ్చివేయడం. నెలనెలా వచ్చే పింఛను వేరు. ఉద్యోగి మరణిస్తే భార్యాబిడ్డలకు నెలనెలా కొంత ఇచ్చే కుటుంబ పింఛను పథకం 1971లో ప్రారంభమయింది. ఉద్యోగికే వృద్ధాప్యంలో పింఛను ఇచ్చే పథకం 1995 నవంబరు 16న అమలులోకి వచ్చింది. నేడు ‘పి.ఎఫ్. పింఛను’ అని మనం వాడుకగా అనేది దీనినే.

చట్టాల ఏకీకరణలో భాగంగా రూపొందిన 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి, ఈ విషయాన్నంతటినీ తన పరిధిలోకి తీసుకొన్నది. గొడుగు మారింది గాని, దాని క్రింద నిలిచిన ఖాతాలూ చందాలూ ఆగలేదు.

పన్నెండు రూపాయల పంపకం

ఇక లెక్కలోకి వద్దాం. మూలవేతనం, కరువుభత్యం కలిపి నెలకు 10,000 రూపాయలు పొందే ఉద్యోగిని తీసుకొందాం. అతని వాటా 12 శాతం, అనగా 1,200. ఇది జీతం నుండి కోస్తారు. యజమాని వాటా మరొక 1,200. ఇది జీతం నుండి కోయరాదు. సంస్థ తన సొమ్ములో నుండి వేయాలి.

ఉద్యోగి వేసిన 1,200 మొత్తం భవిష్యనిధి ఖాతాకే పోతుంది. యజమాని వేసిన 1,200 మాత్రం రెండుగా చీలుతుంది. వేతనంలో 8.33 శాతం, అనగా 833 రూపాయలు పింఛను నిధికి, మిగిలిన 3.67 శాతం, అనగా 367 రూపాయలు భవిష్యనిధికి. కేంద్ర ప్రభుత్వం తన వంతుగా 1.16 శాతం, అనగా 116 రూపాయలు పింఛను నిధిలో కలుపుతుంది. ఇవి గాక యజమాని అర శాతం బీమా నిమిత్తం, మరొక అర శాతం నిర్వహణ ఖర్చుల నిమిత్తం చెల్లిస్తాడు. భవిష్యనిధిలోని సొమ్ముకు ప్రతి సంవత్సరం ప్రభుత్వం ప్రకటించే వడ్డీ కలుస్తుంది. 2024–25 సంవత్సరానికి అది 8.25 శాతం.

ఇక్కడ విద్యార్థులు గుర్తించవలసిన విశేషం ఒకటి ఉన్నది. పింఛను నిధికి ఉద్యోగి వాటా నుండి నేరుగా ఒక్క పైసా పోదు. పింఛను అనే చెట్టుకు నీరు పోసేది యజమాని వాటాయే, దానికి తోడు ప్రభుత్వం పోసే చిన్న చెంబు. కనుక యజమాని వాటా ఎగవేయబడితే ఉద్యోగి పింఛను వేళ్ళతోసహా ఎండిపోతుంది. 8.33 అనే అంకెకు కూడా అర్థమున్నది. నూటిని పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. ఏడాదికి ఒక నెల జీతం పింఛను నిధికి చేరుతున్నదని భావించవచ్చు.

అయితే ఈ తప్పనిసరి లెక్కకు ఒక పైకప్పు ఉన్నది. 2014 సెప్టెంబరు 1 నుండి వేతన పరిమితిని 15,000గా నిర్ణయించారు. జీతం ఎంత ఉన్నా పింఛను నిధికి సాధారణంగా 15,000పై 8.33 శాతం, అనగా 1,250 రూపాయలకు మించి పోదు. ఆ తేదీ తరువాత తొలిసారిగా ఉద్యోగంలో చేరి, చేరేనాటికే 15,000కు మించిన వేతనం పొందేవారు పింఛను పథకంలో సభ్యులు కారు. సంస్థ వారిని భవిష్యనిధిలో చేర్చుకొంటే యజమాని వాటా మొత్తం ఆ నిధికే జమ అవుతుంది.

ఇంతకూ వచ్చే పింఛను ఎంత? సూత్రం సులభం. చివరి అరవై నెలల సగటు వేతనాన్ని సేవాకాలపు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగించాలి. కనీసం పదేళ్ళ సేవ ఉండాలి. పింఛను వయస్సు 58. ఇరవై ఏళ్ళు నిండిన సేవకు రెండేళ్ళు అదనంగా కలుపుతారు. ఇరవై అయిదవ ఏట చేరిన యువకుడు 58 వరకు విరామం లేకుండా పనిచేస్తే 33 ఏళ్ళు, రెండు కలుపగా 35. ముప్పై అయిదును 70తో భాగిస్తే సగం. అంటే ఆ వేతనంలో సగం పింఛను. లెక్కకు వచ్చిన వేతనం 15,000 అయితే 7,500. పదివేలయితే 5,000. ఇది సుఖజీవనానికి చాలే మొత్తం కాదన్న మాట నిజం. కాని చేయి చాచకుండా ఉప్పు, పప్పు, మందులు కొనుక్కోవడానికి అది ఆధారం.

ఏ వేతనంపై పన్నెండు?

శాతం అనేది స్వతంత్రమైన అంకె కాదు. అది మరొక అంకె భుజాల మీద నిలిచి ఉంటుంది. పన్నెండు శాతం అని చట్టం గట్టిగా చెప్పిన తరువాత ఆ పన్నెండును తగ్గించలేని యాజమాన్యం కొన్నిచోట్ల క్రింది అంకెను తగ్గిస్తుంది.

ఉదాహరణకు నెలకు 18,000 ఇచ్చే సంస్థలు రెండు ఉన్నవనుకొందాం. మొదటిది 15,000 వేతనం, 3,000 ఇంటి అద్దె భత్యం అని వ్రాసింది. రెండవది 7,000 వేతనం అని వ్రాసి, మిగిలిన 11,000ను ప్రత్యేక భత్యం, ప్రయాణ భత్యం అంటూ పలు పేర్ల క్రింద పంచింది. రెండవ ఉద్యోగికి పి.ఎఫ్. కోత 1,800కు బదులు 840 మాత్రమే. నెలకు 960 రూపాయలు చేతికి ఎక్కువ వస్తున్నవని అతడు సంతోషిస్తాడు. యజమాని కూడా సరిగ్గా అదే 960 రూపాయలు మిగుల్చుకొన్నాడన్న సంగతి అతనికి స్ఫురించదు.

ఇప్పుడు ముప్పై మూడేళ్ళ తరువాతి స్థితి చూడండి. జీతాలు మారలేదనే అనుకొని లెక్క కడదాం. మొదటివాని భవిష్యనిధికి నెలకు తన 1,800, యజమాని వాటాలోని 550 కలిపి 2,350 చేరింది. రెండవవానికి తన 840, యజమాని వాటాలోని 257 కలిపి 1,097. తేడా నెలకు 1,253. మూడువందల తొంభై ఆరు నెలలకు అది 4,96,188 రూపాయలు. వడ్డీ ఇంకా లెక్కకట్టలేదు. ఇక పింఛనులో మొదటివానికి 7,500, రెండవవానికి 3,500. ఒకే జీతం, ఒకే సేవ, ఒకే వయస్సు. తేడా అంతా నియామక పత్రంలో ఒక పంక్తి వ్రాసిన తీరులో ఉన్నది.

ఇట్టి పద్ధతిని న్యాయస్థానం సమ్మతించలేదు. ఉద్యోగులందరికీ సాధారణంగా, ఒకే తీరున ముట్టే భత్యం పేరుకు ప్రత్యేక భత్యమైనా మూలవేతనంలో భాగమేనని 2019 ఫిబ్రవరి 28న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యాలలో ఒకటి పాఠశాల సిబ్బందికి సంబంధించినది కావడం మనకు గమనార్హం. 2025లో అమలులోకి వచ్చిన కోడ్ మరొక మెట్టు ఎక్కింది. మినహాయింపు పొందే భత్యాలు మొత్తం రాబడిలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలోనే కలపాలని నిర్వచించింది. పై ఉదాహరణలోని రెండవ సంస్థ ఇక 7,000 అని వ్రాసుకొన్నా లెక్క 9,000కు తక్కువ కారాదు.

కోసినది చేరిందా?

ఇక మూడవ ప్రశ్న. దీనిని పుస్తకాలలో గాక, నా అనుభవంలో నేర్చుకొన్నాను.

ఈ కళాశాలకు రాక ముందు నేను మరొక ప్రైవేటు విద్యాసంస్థలో తెలుగు బోధించాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ నా జీతం నుండి ప్రతి నెలా రెండు కోతలు పడేవి. ఒకటి నా వాటా. రెండవది ‘మేనేజ్‌మెంటు వాటా’. యజమాని వాటాను నా జీతంలో నుండి ఎందుకు కోస్తున్నారని గుమాస్తాను ఒకసారి అడిగాను. “ఇక్కడ అందరికీ అంతే సార్, మీ ఖాతాలోకే గదా పోయేది” అన్నాడాయన. ఆ సమాధానం నాకు సబబుగానే తోచింది. ఛందస్సులో ఒక మాత్ర తప్పితే పట్టుకోగల నేను, నా జీతంలో పదవ వంతుకు పైగా తప్పిపోతుంటే పట్టుకోలేకపోయాను. ఉద్యోగం మారే సమయంలో ఖాతా పుస్తకం తెరిచి చూస్తే, కోసిన నెలలలో కొన్నింటికి రెండు వాటాలలో ఏ ఒక్కటీ జమ కాలేదు. పదే పదే తిరిగి, ఫిర్యాదు పత్రం సిద్ధం చేసిన తరువాత గాని ఆ నెలలు పూడలేదు.

యజమాని తన వాటాను ఏ రూపంలోనూ ఉద్యోగి జీతం నుండి రాబట్టరాదని, చందా భారం తనపై పడిందన్న కారణంతో జీతం తగ్గించరాదని 1952 చట్టమే స్పష్టంగా చెప్పింది. ఏ నెల చందా ఆ మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. ఆలస్యానికి వడ్డీ, నష్టపరిహారం ఉంటాయి. ఉద్యోగి జీతం నుండి కోసిన సొమ్మును జమ చేయకపోవడం నమ్మకద్రోహ నేరంగా పరిగణింపబడుతుంది. ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు.

కాని నేను పోగొట్టుకొన్నది తిరిగి వచ్చింది. తిరిగి రానిది మరొకటి ఉన్నది.

చాచా సంగతి

ఆ సంస్థలోనే ఒక అటెండరు ఉండేవారు. గంట కొట్టడం, మంచినీళ్ళు నింపడం, పరీక్షల వేళ బల్లలు మోయడం ఆయన పని. అధ్యాపకులూ విద్యార్థులూ అందరమూ ఆయనను చాచా అని పిలిచేవాళ్ళం. పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నా రికార్డులలో ఆయన ‘తాత్కాలిక’ ఉద్యోగి. పి.ఎఫ్. జాబితాలో అధ్యాపకుల పేర్లే ఉండేవి. చాచా పేరు లేదు, ఆయా పేరు లేదు, బస్సు డ్రైవర్ల పేర్లు లేవు.

ఒకనాడు ఉదయం గంట మ్రోగలేదు. రాత్రి గుండెనొప్పితో చాచా కన్నుమూశారని కబురు వచ్చింది. నలభయ్యవ రోజు దాటిన తరువాత ఆయన భార్య చిన్న కుమారుణ్ణి వెంటబెట్టుకొని కార్యాలయానికి వచ్చింది. “ఏమైనా వస్తుందా సార్?” అని మాత్రమే అడిగింది. లోపల ఆమెకు చెప్పిన జవాబు ‘ఆయన పర్మనెంటు కాదమ్మా’ అని. మేమందరం తలా కొంత చందా వేసుకొని ఒక కవరులో పెట్టి ఆమె చేతికి ఇచ్చాం. ఆమె మమ్మల్ని దీవించి వెళ్ళిపోయింది. నెలనెలా పడవలసిన ఆ చందా పడి ఉంటే, ఈ చందా వేసుకోవలసిన అవసరమే ఉండేది కాదని ఆనాడు మాలో ఎవరికీ తెలియదు.

తరువాత నియమాలు చదివినప్పుడు నాకు తెలిసినదిది. సంస్థ పథకం పరిధిలో ఉన్నప్పుడు తాత్కాలికం, శాశ్వతం అనే భేదం భవిష్యనిధికి లేదు. పరిమితికి లోబడిన వేతనం పొందే ఉద్యోగికి చేరిన మొదటి రోజు నుండే అర్హత ఉన్నది. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కూలీకి కూడా చందా చెల్లించే బాధ్యత చివరకు ప్రధాన యజమానిదే. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. సొంత పింఛనుకు పదేళ్ళ సేవ కావాలి గాని, ఉద్యోగంలో ఉండగా మరణించినవాని భార్యకు పింఛను రావడానికి ఒక్క నెల చందా జమ అయి ఉంటే చాలు. నేటి నియమాల ప్రకారం ఆమెకు నెలకు కనీసం 1,000 రూపాయలు. దానికి తోడు ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి 25 ఏళ్ళు నిండేదాకా మరికొంత. యజమాని వేసే అర శాతం బీమా చందా వల్ల, ఏడాదికి పైబడి ఎడతెగక పనిచేసి మరణించినవాని కుటుంబానికి కనీసం రెండున్నర లక్షలు, గరిష్ఠంగా ఏడు లక్షలు ముట్టుతుంది. ఎనిమిది వేల జీతగానికి ఆ బీమా చందా నెలకు నలభై రూపాయలు. ఒక చాయ్ బండి దగ్గర అధ్యాపకులం ఒక సాయంత్రం ఖర్చుపెట్టే మొత్తం.

ఉద్యోగి పేరు నమోదు కాకపోయినా అతని హక్కు నశించదు. విచారణ జరిపి, బాకీని నిర్ణయించి, యజమాని నుండి వసూలు చేసే అధికారం భవిష్యనిధి అధికారులకు ఉన్నది. ఆమెతో పాటు ఎవరైనా ఒక అర్జీ పట్టుకొని వెళ్ళి ఉంటే దారి ఉండేదేమో. మేము వెళ్ళలేదు. తెలియకపోవడమే మా తప్పు. ఈ పాఠం వ్రాయడానికి కారణమూ అదే.

బీడీ గంపలు, దూరదేశాలు

కనీస చందా అన్నిచోట్ల పన్నెండు శాతం కాదు. బీడీ, ఇటుక, జనపనార, కొబ్బరిపీచు మొదలగు పరిశ్రమలకు 10 శాతం రేటు ఉన్నది. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో ఇంటి అరుగు మీద కూర్చొని బీడీలు చుట్టే తల్లులు ఎందరో ఉన్నారు. ఇంట్లో చుట్టేవారు కూడా భవిష్యనిధికి అర్హులైన ఉద్యోగులేనని 1985లో సుప్రీం కోర్టు నిర్ణయించింది. నెలకు 4,000 సంపాదించే స్త్రీకి యజమాని వేయవలసినది 400. అందులో 333 పింఛనుకు, 67 భవిష్యనిధికి. పదేళ్ళ సేవకు సూత్రం ప్రకారం వచ్చే పింఛను 571 మాత్రమే. అట్టివారికి 2014 సెప్టెంబరు నుండి అమలైన 1,000 రూపాయల కనీస పింఛను కొంత ఊరట. మన విద్యార్థులలో అట్టి తల్లుల బిడ్డలు ఉంటే, ఈ సెలవులలో అమ్మగారి ఖాతా పుస్తకం ఒకసారి తెరిచి చూడవలసిందిగా నా కోరిక.

ప్రభుత్వోద్యోగాలలో సైతం పాత పద్ధతి మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి చేరిన ఉద్యోగులు తమ వాటా తాము చెల్లించే పింఛను పథకంలోకి వచ్చారు. ఉద్యోగి పది శాతం, ప్రభుత్వం పది శాతం అని దాని మూలసూత్రం. గల్ఫుకు పోయే మన యువకులకు అక్కడ సాధారణంగా పింఛను ఉండదు. పని ముగించినప్పుడు ఒక మొత్తం ఇస్తారు. సౌదీ అరేబియాలో మొదటి అయిదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం చొప్పున, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్క. బ్రిటనులో 2019 ఏప్రిల్ నుండి మొత్తం చందా కనీసం 8 శాతం, అందులో యజమాని వాటా కనీసం 3 శాతం. అదీ జీతమంతటి మీద కాక, రెండు హద్దుల మధ్య పడే ఆర్జన మీద. దేశమేదైనా శాతాన్ని చూసి తృప్తిపడరాదని, అది ఏ అంకె మీద నిలిచి ఉన్నదో అడగాలని దీనివల్ల తెలుస్తున్నది.

విద్యార్థులకు, పెద్దలకు

విద్యార్థులారా! రేపు మీరు నియామక పత్రం అందుకొన్నప్పుడు చివరి మొత్తం మీదనే కన్ను నిలపకండి. వేతనం అని ఎంత వ్రాశారో చూడండి. యజమాని వాటా మీ జీతం నుండి కోయడం లేదని నిర్ధారించుకోండి. పన్నెండు అంకెల శాశ్వత ఖాతా సంఖ్య ఒకటి మీకు ఇస్తారు. ఉద్యోగం మారినా సంఖ్య మారదు. దాని ద్వారా నెలనెలా జమను మీరే చూసుకోవచ్చు. సంస్థ మారినప్పుడు పాత సొమ్మును తీసుకొని ఖర్చు చేయక కొత్త ఖాతాకు మార్చుకోండి. సేవాకాలం తెగక కూడుతుంది. నామినీగా ఎవరి పేరు వ్రాశారో మరువకండి. పెండ్లి అయిన తరువాత ఆ కాగితం తప్పక తిరిగి వ్రాయాలి.

మన కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి వేరొకటి. విద్యాసంస్థలు 1982లోనే భవిష్యనిధి పరిధిలోకి వచ్చాయి. విద్యాసంస్థను నడిపేవారు ధర్మబుద్ధితో నడుపుతారు, లాభానికి కాదు. నిధులు చాలని నెలలు వారికి ఎన్ని ఉంటాయో నేనెరుగుదును. అయినా కనీసం అన్న మాటకు అర్థం అంతకు దిగరాదనే. అధ్యాపకుని పేరుతో పాటు గంట కొట్టేవాని పేరు, వరండా ఊడ్చే ఆమె పేరు, కాంట్రాక్టరు పంపిన కాపలాదారు పేరు కూడా ఆ జాబితాలో ఉన్నదా అని ఏడాదికొకసారి కమిటీ సమావేశంలో చదివించుకొంటే బాగుంటుందని సవినయంగా సూచిస్తున్నాను. అట్టి జాబితా నోటీసు బోర్డు మీద అంటించడానికి ఒక కాగితం చాలు.

ఉర్దూలో తన్‌ఖా అంటే జీతం. తెలుగులో తనఖా అంటే కుదువ. భాషాబోధకునిగా ఈ రెండు మాటల పోలిక నన్ను తరచు ఆలోచింపజేస్తుంది. ప్రతి ఉద్యోగీ తన జీతంలో కొంత భాగాన్ని యజమాని చేతిలో కుదువ ఉంచుతాడు. ముసలితనం వచ్చిన నాడో, ఆకస్మికంగా కన్నుమూసిన నాడో అది విడిపించుకోవలసిన సొమ్ము. కుదువ పెట్టినవానికి లెక్క తెలిసి ఉండాలి. పుచ్చుకొన్నవాడు దానిని భద్రంగా చేరవేయాలి. ఈ రెండూ జరిగిన చోట ఏ చాచా భార్యా పిల్లవాని చేయి పట్టుకొని కార్యాలయపు గుమ్మంలో నిలబడి ‘ఏమైనా వస్తుందా?’ అని అడగవలసిన పని ఉండదు.